రాసినది చెవికి వినిపించే చోటు: కడప ఆదివారం కథాగోష్ఠి

కథ రాసి, దాన్ని ఎవరికి చూపించాలో తెలియక బీరువాలో పెట్టుకునేవారు కడపలో నేను అనుకున్నదానికంటే ఎక్కువమందే ఉన్నారన్న సంగతి, ఎర్రముక్కపల్లెలోని ఒక ట్యూషన్ సెంటరు మేడ మీద ప్రతి ఆదివారం సాయంత్రం జరిగే కథాగోష్ఠికి వెళ్ళడం మొదలుపెట్టిన తరువాతే నాకు తెలిసింది. ఆ గోష్ఠికి పేరు లేదు, బ్యానరు లేదు, అధ్యక్షుడూ కార్యదర్శీ లేరు. ‘ఆదివారం కూడిక’ అంటే వచ్చేవారందరికీ అర్థమవుతుంది. నేను ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయురాలిని. గడిచిన ఏడు నెలల్లో 22 ఆదివారాలు అక్కడ కూర్చున్నాను. రెండుసార్లు నా కథలు చదివాను, తక్కిన ఆదివారాల్లో ఇతరుల కథలు విన్నాను. వెళ్ళాలా వద్దా అని నన్ను అడిగినవారికి విడివిడిగా చెప్పేకంటే ఒకచోట వివరంగా రాయడం మేలనిపించి ఈ సమీక్ష రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. కథ రాసేవారికి, అందులోనూ రాసిన కథను మళ్ళీ విప్పి రాసే ఓపిక ఉన్నవారికి, ఈ కూడిక చేసే మేలు అంతా ఇంతా కాదు. రాయడం ఎలాగో అక్షరం దగ్గర నుంచి నేర్పమనేవారికీ, చదవగానే చప్పట్లు వినిపించాలనుకునేవారికీ మాత్రం ఇక్కడ దొరికేది తక్కువ.

కూడిక నడిచే పద్ధతి సాదాగా ఉంటుంది. వారానికి ఇద్దరు చదువుతారు, ఎవరి వంతు ఎప్పుడో మూడు వారాల ముందే ఒక పొడవాటి చిట్టా పుస్తకంలో రాసిపెడతారు. ఒక్కొక్కరికి 20 నిమిషాలు ఇస్తారు. వంటింట్లో వాడే చిన్న టైమరు ఒకటి బల్ల మీద ఉంటుంది. అది మోగితే వాక్యం సగంలో ఉన్నా సరే చదవడం ఆపాలి. చదువుతున్నంతసేపూ వినేవారి చేతుల్లో కాగితం ఉండదు, చెవితోనే వినాలి. విన్న తరువాతే మూడు జెరాక్సు ప్రతులు చేతులు మారతాయి, ఒక్కొక్క ప్రతి మీదికి నలుగురైదుగురు వంగి, తమ చెవికి ఎక్కడ అడ్డం తగిలిందో ఆ చోటును వెతికి పెన్సిలుతో గీత గీస్తారు. ఆ పైన వరుసగా అందరూ మాట్లాడతారు. వారందరూ ముగించేవరకు రచయిత నోరు తెరవకూడదు, ‘నేను అక్కడ చెప్పదలచుకున్నది అది కాదండీ’ అనే మాటకు అనుమతి లేదు. చివర్లో ఐదు నిమిషాలు రచయితవి.

రచయిత మౌనంగా ఉండాలనే నియమం వీరు కనిపెట్టినది కాదు. 1936లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో మొదలైన రచనా శిక్షణ తరగతుల ద్వారా అది లోకమంతా వ్యాపించింది. అయితే అలాంటి తరగతుల్లో అందరూ ప్రతిని ముందే చదువుకుని వస్తారు. ఇక్కడ చెవికే మొదటి పీట వేయడం వల్ల, కంటితో చదివినప్పుడు జారిపోయే తప్పులు పట్టుబడతాయి. ఊపిరి ఆడని వాక్యం చదివేవారి గొంతులోనే బయటపడుతుంది. ఒకే పేరాలో మూడుసార్లు వచ్చిన ‘ఒక్కసారిగా’ అనే మాటను రాసినవారి కన్ను క్షమిస్తుందేమో గాని, వినేవారి చెవి క్షమించదు.

ఈ పద్ధతి విలువ నాకు పూర్తిగా తెలిసింది ఒక యువకుడు తన కథ చదివిన రోజున. అతను కడపలో మందుల దుకాణంలో పనిచేస్తాడు, స్వగ్రామం కమలాపురం వైపు. కథలో కరువు ఏడాది, ఆరు ఎకరాల చెనిక్కాయ (వేరుశనగ) పంట, అప్పులు చేసిన తండ్రి, అతని వెంట చేనికి వచ్చిన ఎనిమిదేళ్ళ కూతురు ఉన్నారు. ఎండకు నెర్రెలిచ్చిన భూమిలోంచి ఆ పాప ఒక చెట్టును పీకి, మన్ను దులిపి, గుత్తులుగా వేలాడుతున్న కాయలను తండ్రికి చూపించి నవ్వడంతో కథ ముగుస్తుంది. చాలా బాగా చదివాడు. చదవడం అయ్యాక కాసేపు ఫ్యాను చప్పుడు తప్ప గదిలో మరే చప్పుడూ లేదు. మొదట మాట్లాడిన నలుగురూ ముగింపును మెచ్చుకున్నారు, వారిలో నేనూ ఉన్నాను. కరువులో కూడా చావని ఆశ అని ఏదో అన్నట్టు గుర్తు.

ఐదో వంతు ఒక పెద్దాయనది. చింతకొమ్మదిన్నె వైపు ఇప్పటికీ సేద్యం చేసుకుంటారు, తాను ఏమీ రాయరు, వినడానికి మాత్రమే వస్తారు. ఆయన గొంతు సవరించుకుని, “కత బాగుండాది నాయనా. అయితే ఆ పాప చెట్టు పీకింది చూడు, ఆడ నాకు ఒప్పలేదు. నెర్రెలిచ్చిన బూమిలో చెట్టు పీకితే చెట్టొక్కటే చేతికొస్తాది. కాయలు బూమిలోనే నిలబడిపోతాయి” అన్నారు. ఆ తరువాత పది నిమిషాలు ఆయన చెప్పినది మాలో సగంమందికి కొత్త సంగతి. చెనిక్కాయ చెట్టుకు పూత పైన పూసినా, ఊడలు భూమిలోకి దిగి అక్కడ కాయ కడతాయి. నేలలో పదును ఉంటేనే చెట్టును లాగినప్పుడు ఊడలతో పాటు కాయలు వస్తాయి. పదును ఆరిపోయి నేల గట్టిపడితే ఊడ తెగి చెట్టు మాత్రం పైకి వస్తుంది. అందుకే కాయ ముదిరిన తరువాత కూడా రైతు ఆకాశం వైపే చూస్తాడు, పీకడానికి తగినంత ఒక్క వాన పడితే చాలని మొక్కుకుంటాడు. ఆ వాన రాకపోతే నేలను దున్నించి, కూలి ఇచ్చి కాయలు ఏరించాలి. అప్పుడు పంట పండి కూడా నష్టమే. ఆయన చెబుతున్నంతసేపూ ఆ యువకుడు నియమం ప్రకారం నోరు మూసుకునే ఉన్నాడు, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. చివర తన ఐదు నిమిషాలు వచ్చినప్పుడు అతను అన్నది ఒకే మాట: “మా నాయన ఈ మాట నాకు ఎప్పుడూ చెప్పలేదు సార్, నేనూ అడగలేదు.”

మూడు వారాల తరువాత అతను అదే కథను తిరగరాసి తెచ్చాడు. ఇప్పుడు పాప చెట్టు పీకుతుంది, చేతిలోకి ఉత్త చెట్టు వస్తుంది. ఆమె దాన్ని తలకిందులుగా పట్టుకుని చూస్తుంది. తండ్రి ఏమీ అనడు. గొంతుక్కూర్చుని చెట్టు ఉన్న చోట మట్టిగడ్డలను వేళ్ళతో పెళ్ళగిస్తాడు, దొరికిన కాయలను పాప ఒక్కొక్కటిగా పావడా ఒడిలో వేసుకుంటుంది, కథ అక్కడ ఆగుతుంది. మొదటి ప్రతిలో రెండు పుటల పొడవునా ఉన్న అప్పుల లెక్కలు, వడ్డీ రేట్లు రెండో ప్రతిలో లేవు. వాటిని ఎవరూ తీసేయమనలేదు. ఉత్త చెట్టు చేతికి వచ్చిన తరువాత వాటితో పని లేదని అతనికే తెలిసిపోయింది. పత్రికకు పంపి ఉంటే మొదటి ప్రతే అచ్చయి ఉండేదేమో; పట్నంలో కూర్చున్న సంపాదకుడికి ఊడ తెగే సంగతి తట్టే అవకాశం తక్కువ. రాసేవారితో పాటు రాయనివారు కూడా వచ్చి కూర్చోవడం ఈ కూడికలో నాకు అన్నింటికంటే నచ్చిన విషయం. వచ్చేవారిలో ఒక దర్జీ, ఇద్దరు ఆర్టీసీ ఉద్యోగులు, ఒక విశ్రాంత తెలుగు పండితుడు, డిగ్రీ పిల్లలు కొందరు ఉన్నారు. ఎవరి పని గురించిన తప్పును వారు పట్టుకుంటారు. ఒక కథలో రవికె కుట్టే దృశ్యం వచ్చినప్పుడు, చంక దగ్గర గుడ్డ కత్తిరించే తీరు మీద దర్జీ చెప్పిన నాలుగు వాక్యాలు కథలో ఉన్న నలభై వాక్యాల కంటే బాగున్నాయి.

ఇక భాష సంగతి. కడపలో జరిగే గోష్ఠి కాబట్టి మాండలికం మీద చర్చ రాని ఆదివారం ఉండదు. డిగ్రీ చదివే ఒక అమ్మాయి తన కథలో తండ్రి చేత “డబ్బులు సర్దుబాటు కాలేదమ్మా” అనిపించింది. పండితులవారు కళ్ళజోడు పైకి నెట్టి, “పాపా, మీ నాయన ఇంట్లో డబ్బులు అంటాడా?” అని అడిగారు. ఆమెకు మాట్లాడే వీలు లేదు గనుక తల అడ్డంగా ఊపింది. “లెక్క అంటాడు గదా!” అన్నారాయన, గది అంతా నవ్వింది. కడప వైపు లెక్క అంటే డబ్బే. ‘చేతిలో లెక్క లేదు’ అంటే గణితం రాదని కాదు, జేబు ఖాళీ అని. అయితే ఇదే మాటను శ్రీకాకుళంలోనో ఖమ్మంలోనో చదివేవారు ఏమనుకుంటారనే ప్రశ్నను ఆర్టీసీ కండక్టరు లేవనెత్తారు, దాని మీద 40 నిమిషాలు గడిచాయి. కింద అర్థం ఇవ్వాలని కొందరు, ఇస్తే కథ నిఘంటువు అవుతుందని కొందరు వాదించారు. చివరికి పండితులవారే ఒక వాక్యం కట్టి చూపించారు: “పత్తి అమ్మిన లెక్క వారం దినాలు గూడా ఇంట్లో నిలబడలే.” అర్థం వాక్యంలోనే ఉన్నప్పుడు అడుగున వివరణ ఎందుకన్నది ఆయన వాదన. నాకు అది న్యాయంగానే తోచింది. ఆ అమ్మాయి ఆ వాక్యాన్ని యథాతథంగా తీసుకోకుండా తనదైన వాక్యం రాసుకుని రావడం ఇంకా నచ్చింది.

తేలని తగవులు కూడా ఉన్నాయి. మాండలికం పాత్రల మాటల్లో మాత్రమే ఉండాలా, కథకుడి కథనంలోనూ ఉండవచ్చా అన్నది వాటిలో పెద్దది. ఆగస్టు 29న గిడుగు రామమూర్తి జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాము. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం గెలిచినా, అచ్చులో నిలిచిన ‘వాడుక’లో మన సీమ పలుకుకు దక్కిన చోటు కొంచెమే కదా అని ఆ వారం జరిగిన కూడికలో ఒకరు అన్నారు. మాటలో న్యాయముంది. కానీ కథనం కూడా మాండలికంలో రాయబోతే ఏ మాండలికంలో రాయాలన్న చిక్కు వెంటనే వస్తుంది. ‘పోతాండాడు’, ‘పోతాన్నాడు’, ‘పోతన్నాడు’ అనే మూడు రూపాలనూ నేను మా బడిలోనే వింటాను. ప్రొద్దుటూరు పిల్లవాడికి సరైనది బద్వేలు పిల్లవాడికి వింతగా ఉంటుంది. ఈ ప్రశ్నకు కూడిక ఒక తీర్పు ఇవ్వకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఒకే నియమం పెట్టుకున్న గోష్ఠిలో అందరి కథలూ ఒకరే రాసినట్టు వినిపించే ప్రమాదం ఉంది.

ఊరి పేర్ల దగ్గర మాత్రం వీరు పట్టు విడవరు. ఒకాయన కడప జిల్లాలో కల్పిత గ్రామానికి ‘కొత్తపల్లి’ అని పేరు పెడితే, మన వైపు ‘పల్లె’ అంటాము గాని ‘పల్లి’ అనము కదా అని నలుగురు ఒకేసారి దిద్దారు. మనం కూర్చున్నదే ఎర్రముక్కపల్లెలో అని ఎవరో గుర్తు చేశారు. ఈ జిల్లా ఊర్ల పేర్ల మీద పరిశోధన చేసి డాక్టరేటు పొందిన కేతు విశ్వనాథరెడ్డి గారే మంచి కథకుడు కూడా కావడం, 1996లో ఆయన కథల సంపుటికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం రావడం ఇక్కడివారికి ఒక ధైర్యం. ఊరి పేరు మీద అంత శ్రద్ధ చూపడం చాదస్తమేమీ కాదని చెప్పడానికి వారు ఆయన పేరు తలుస్తారు.

గోష్ఠి జరిగే గది నుంచి కొద్ది దూరం నడిస్తే సి.పి. బ్రౌన్ పేరిట ఉన్న భాషా పరిశోధన కేంద్రం వస్తుంది. 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చిన ఆ దొర ఇక్కడ బంగళా కొనుక్కుని, పండితులకు సొంత సొమ్ముతో జీతాలిచ్చి, తాటాకు ప్రతులను తెప్పించి, ఒకే పద్యానికి దొరికిన రకరకాల పాఠాలను సరిచూయించాడు. 1829లో అచ్చయిన వేమన పద్యాల వెనుక అలాంటి శ్రమే ఉంది. ఒకరు చదువుతూ ఉంటే మరొకరు వింటూ తప్పు దిద్దుకునే పని ఈ పేటకు కొత్త కాదని నేను ఒకసారి అంటే, “బ్రౌను దొర పండితులకు జీతమిచ్చినాడు, మేము మీకు బొరుగులు పెడతాండాము” అని చిట్టా పుస్తకం చూసుకునే ఆయన బదులిచ్చారు. ఆ బొరుగుల సంగతి కూడా చెప్పాలి. మనిషికి 20 రూపాయలు తీసుకుని, టీతో పాటు ఎర్రగడ్డ ముక్కలు, పచ్చిమిరపకాయలు, వేయించిన చెనిక్కాయలు కలిపిన బొరుగులు పెడతారు. నా మట్టుకు ధర గిట్టుబాటే. గది మేడ మీద ఉండటం వల్ల ఏప్రిల్, మే నెలల్లో ఉడికిపోతుంది. కుర్చీలు చాలినన్ని ఉన్నా, నేల మీద పరిచిన నల్లటి కడప బండ చల్లగా ఉంటుందని సగంమంది కిందే కూర్చుంటారు. మెట్లు ఇరుకు, మోకాళ్ళ నొప్పి ఉన్నవారు ఆలోచించుకోవాలి.

ఇక లోపాలు. మొదటిది సమయం. నాలుగు గంటలకని చెబుతారు, నాలుగున్నర దాటనిదే మొదలు కాదు, ఏడు కాకుండా ముగియదు. మగవారికి ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది. ఆదివారం సాయంత్రం ఇంట్లో టీలు, టిఫిన్లు, మర్నాటి బడికి పిల్లల బట్టలు చూసుకోవలసిన ఆడవారికి మూడు గంటలు ఖాయంగా దొరకడం కష్టం. దానికి తోడు పొద్దు గూకిన తరువాత రాయచోటి వైపో మైదుకూరు వైపో బస్సు పట్టుకుని వెళ్ళడం ఇంకా కష్టం. పదిహేను మంది వచ్చిన రోజున మేము ముగ్గురం ఉంటే ఎక్కువ. నెలకు ఒక కూడికనైనా రెండో శనివారం మధ్యాహ్నానికి మార్చమని నేను చిట్టా పుస్తకంలో రాసి రెండు నెలలైంది. ‘ఆలోచిద్దాం మేడమ్’ అన్న మాట దగ్గరే అది ఆగి ఉంది.

రెండో లోపం ఇంతకంటే గట్టిది. చదివేవారు చిన్నవారైతే పెన్సిలు గీతలు ధారాళంగా పడతాయి, పెద్దవారైతే పెన్సిళ్ళు మొద్దుబారతాయి. పెద్ద ఉద్యోగం చేసి విరమించిన ఒకాయన తన సర్వీసులో జరిగిన బదిలీల చరిత్రను కథ పేరుతో చదివారు. టైమరు మోగినా ఎవరూ ఆపలేదు. వరుసగా పదకొండు మంది అనుభవం పండిన రచన అనీ, నేటి యువతకు ఆదర్శమనీ అన్నారు. నేను కూడా లోపల ఒకటి అనుకుని పైకి మరొకటి చెప్పాను, దానికి సిగ్గుపడుతున్నాను. చివరికి చింతకొమ్మదిన్నె పెద్దాయన ఒక్కరే, చేతులు కట్టుకుని ఎంతో మర్యాదగా, “ఇందులో కత యాడుండాది సార్?” అని అడిగారు. ఆ ఒక్క ప్రశ్న లేకపోతే ఆ ఆదివారం పూర్తిగా వృథా అయ్యేది. రచయిత పేరు ముందుగా చెప్పకుండా వేరొకరి చేత కథ చదివించే పద్ధతిని అప్పుడప్పుడైనా పాటిస్తే ఈ మొహమాటం కొంత తగ్గుతుంది.

మూడోది నాకు జరిగినది. నేను మొదటి కథ చదువుతున్నప్పుడు ఎవరో ఫోనులో రికార్డు చేసి, మంచి ఉద్దేశంతోనే కావచ్చు, వాట్సాప్ గుంపుల్లో పెట్టారు. నెల తరువాత ఆ కథను ఒక పోటీకి పంపబోతే, ఇది ఎక్కడా అచ్చు కాలేదనీ సామాజిక మాధ్యమాల్లో కూడా రాలేదనీ హామీ పత్రం జతచేయమన్నారు. పత్రికల కథల పోటీలన్నింటిలో ఇంచుమించు ఉండే నిబంధనే ఇది. నేను ఆ హామీ రాయలేక కథను పంపడం మానుకున్నాను. కూడికలో ఈ మాట చెప్పినప్పుడు ఎవరూ తమ పనే అని ఒప్పుకోలేదు గాని, మరుసటి వారం నుంచి తలుపు పక్కన ఒక పెద్ద స్టీలు డబ్బా పెట్టారు. లోపలికి వచ్చేవారు ఫోన్లు అందులో వేసి కూర్చోవాలి. నాకు జరిగిన నష్టం పూడలేదు, తరువాత వచ్చేవారికి మాత్రం ఇబ్బంది లేదు.

కవిత్వం రాసేవారికి ఈ చోటును నేను సిఫారసు చేయను. వచన కవితను ఒక్కసారి చెవిన పడేసుకుని వెంటనే అభిప్రాయం చెప్పమంటే ఎవరైనా ‘బాగుంది’ అంటారు తప్ప ఇంకేమీ చెప్పలేరు. ఇక్కడా అదే జరుగుతున్నది. నవల రాసేవారి పరిస్థితీ అంతే, 20 నిమిషాల చొప్పున నవల వినాలంటే ఏళ్ళు పడుతుంది.

అచ్చుకు పంపే విషయంలో చిన్న సాయం దొరుకుతుంది. పాతవారిలో చాలామంది కథలు డీటీపీ సెంటర్లలో, యూనికోడ్ కాని పాత ‘అను’ ఫాంట్లలో కొట్టించినవే. వాటిని యూనికోడ్‌లోకి మార్చినప్పుడు వత్తులు చెదిరి, దీర్ఘాలు ఎగిరిపోయి చదవడానికి వీలుకాని స్థితి వస్తుంది. ఆ మార్పిడి చేసి, తప్పులు దిద్ది ఇచ్చే ఓపిక ఉన్న కుర్రవాడు ఒకడు ఉన్నాడు. అతని ఓపిక ఎన్నాళ్ళు ఉంటుందో చెప్పలేను గనుక, కొత్తవారు మొదటి నుంచే ఫోనులోనో కంప్యూటరులోనో యూనికోడ్‌లో రాసుకోవడం మేలు.

వెళ్ళదలచినవారు మొదటి రెండు మూడు వారాలు వినడానికి మాత్రమే వెళ్ళండి. మీ వంతు వచ్చినప్పుడు మూడు జెరాక్సు ప్రతులు మీరే తీసుకెళ్ళాలి, అక్కడ తీయించే ఏర్పాటు లేదు. ఇంట్లో కనీసం ఒకసారి గడియారం పెట్టుకుని బయటికి చదివి చూసుకోండి. మామూలు చేతిరాతలో ఎనిమిది పుటలు దాటితే 20 నిమిషాల్లో పూర్తి కాదు.

నా రెండో కథ తొమ్మిది పుటలు వచ్చింది. గడియారం పెట్టుకుని చదివి చూసుకోలేదు. అత్తగారి ఆసుపత్రి మంచం పక్కన కోడలు రాత్రంతా మేలుకుని ఉండే కథ అది. ఎనిమిదో పుట చివర, కోడలు ఫ్లాస్కు మూత తిప్పి చూసి అందులో పాలు లేవని గ్రహించే చోట టైమరు మోగింది. తొమ్మిదో పుటలో ఇద్దరి మధ్యా పాత గొడవలన్నీ బయటికి వచ్చి, కన్నీళ్ళతో సర్దుబాటు అవుతాయి. ఆ పుటను రాయడానికి నాకు రెండు వారాలు పట్టింది. టైమరు మోగిన చోటే కథ అయిపోయిందనుకుని అందరూ మాట్లాడటం మొదలుపెట్టారు. ఖాళీ ఫ్లాస్కు దగ్గర ఆపడం బాగుందని దర్జీ అన్నారు. ఏమీ తేల్చకుండా వదిలేయడం ధైర్యమని డిగ్రీ అమ్మాయి అంది. నోరు తెరవడానికి లేదు గనుక, ఒడిలో ఉన్న తొమ్మిదో పుటను మడిచి పట్టుకుని అన్నీ విన్నాను. నా ఐదు నిమిషాలు వచ్చినప్పుడు ఇంకొక పుట ఉందని చెప్పి, చదవమంటారా అని అడిగాను. పండితులవారు చిట్టా పుస్తకం వైపు చూసి, తరువాతి వంతు ఎవరిదో వెతుకుతూ, “ఆ పేజీ మీ దగ్గరే ఉండనీలేమ్మా” అన్నారు.

ఆ పుటను ఇంకా చింపలేదు. కథలోనూ కలపలేదు.